ఒక్క ఫైలు మా చేతికివ్వండి: హనుమకొండ, వరంగల్ సీనియర్ వకీళ్లకు ఒక లా విద్యార్థిని బహిరంగ లేఖ

గౌరవనీయులైన సీనియర్ న్యాయవాదులకు, బార్ అసోసియేషన్ల పెద్దలకు నమస్కారం.

నేను హనుమకొండలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చదువుతున్నాను. మాది నర్సంపేట దగ్గర పల్లె. మా ఇంట్లో, చుట్టాల్లో వకీళ్లెవరూ లేరు. భూమి తగాదా మీద మా పెద్దనాన్న పేషీలకు తిరిగిన రోజుల్లో ఇంట్లో విన్న మాటలే కోర్టు గురించి నాకు మొదట తెలిసినవి. మా క్లాసులో చాలామంది పరిస్థితి ఇంతే. ములుగు, పరకాల, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చి హాస్టళ్లలో, కిరాయి రూముల్లో ఉండి చదువుకుంటున్నాం. ఫలానా సార్ దగ్గర చేరు, బాగా నేర్పిస్తారు అని చెప్పేవాళ్లు మాకు ఎవరూ ఉండరు.

మిమ్మల్ని అడిగేది ఒకటే. ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన విద్యార్థికి మీ బీరువాలోంచి ఒక్క ఫైలు తీసి ఇవ్వండి. ఆ కేసు వెంట మమ్మల్ని నడవనివ్వండి. నాలుగు వారాలతో ఆపేయకుండా, మేం కాలేజీలో ఉన్నన్నాళ్లూ ఆ కేసు పేషీ ఉన్న రోజు మేం మీ వెనక ఉండేలా, దాని కాగితాలు మేం మొదట రాసి మీకు చూపించేలా ఒక ఏర్పాటు చేయండి. సర్టిఫికెట్ సంగతి ఆ తర్వాత చూసుకుందాం.

మీలో చాలామంది చదువుకున్న రోజులకు ఇప్పటి రూల్స్‌కు తేడా ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్ ప్రకారం మూడేళ్ల కోర్సు వాళ్లు మొత్తం మీద కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సు వాళ్లు కనీసం 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఏ ఏడాదిలోనైనా వరుసగా 4 వారాలకు మించి చేయకూడదు. కోర్సు మొత్తంలో ఒక్కసారైనా ట్రయల్ కోర్టు, అప్పీలు కోర్టు న్యాయవాదుల దగ్గర పని చేసి ఉండాలి. ఇది కాక మూట్ కోర్టు (కాలేజీలో నమూనా కేసు మీద వాదనలు), ఇంటర్న్‌షిప్ కలిపి ఒక పేపర్ ఉంది. అందులో మూట్ కోర్టులకు 30 మార్కులు. ఒక సివిల్ కేసు, ఒక క్రిమినల్ కేసు విచారణ చూసి రికార్డు రాసినందుకు 30. క్లయింట్‌తో వకీలు మాట్లాడే రెండు సందర్భాలు దగ్గరుండి చూసి రాసినందుకు 15, కాగితాలు తయారుచేసి దాఖలు చేసే పద్ధతి చూసి రాసినందుకు ఇంకో 15. చివర వైవాకు 10. కాగితం మీద ఇంత చక్కగా రాసిన సిలబస్ మా కోర్సులో ఇంకోటి లేదనే నా అభిప్రాయం. దీన్ని నిజంగా అమలు చేస్తే కోర్సు పూర్తయ్యేసరికి ఒక విద్యార్థికి సగం పని వచ్చేస్తుంది.

జరిగేది మీకూ తెలుసు. డైరీలు చేతులు మారతాయి. పై క్లాసు వాళ్ల రికార్డు తెచ్చుకుని, అదే కేసు, అవే సాక్షుల వాంగ్మూలాలు, తేదీలు మార్చి రాస్తారు. పరీక్షలకు వారం ముందు అదాలత్ దగ్గర జిరాక్స్ షాపుల్లో బైండింగ్ చేయించుకుని సంతకాల కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. మీరు కూడా పాపం పిల్లలు, మార్కులు పోతాయని సంతకం పెట్టేస్తారు. అది మీ మంచితనం. నాకు అందులోనే బాధ ఉంది.

నిరుడు నేను ఒక ఆఫీసులో చేరాను. పేరు అక్కర్లేదు, ఆ సార్ నన్ను ఎప్పుడూ పల్లెత్తు మాట అనలేదు. పొద్దున వెళ్తే ముందు గదిలో కుర్చీ చూపించారు. సార్ కోర్టుకు బయల్దేరితే ఫైళ్లు పట్టుకుని వెనకాల వెళ్లేదాన్ని, సాయంత్రం మళ్లీ ఆ కుర్చీలో కూర్చునేదాన్ని. క్లయింట్లు లోపలికి వెళ్లాక తలుపు పడిపోయేది. ఈ కేసులో మనం ఎటువైపు అని జూనియర్‌ను అడిగితే, ఫైలు మీద చూడు అనేవారు, ఫైలేమో బ్యాగులో ఉండేది. ఒకరోజు ధైర్యం చేసి, సార్, చిన్న ఐఏ (కేసు నడుస్తుండగా వేసే పిటిషన్) ఏదైనా ఉంటే నేను రాసి చూపిస్తాను, తప్పులు దిద్దండి అన్నాను. "నీకెందుకు బిడ్డా ఈ తిప్పలు, పరీక్షలప్పుడు రా, సంతకం పెడతా" అన్నారు. నాకు సాయం చేస్తున్నాననే ఆయన అనుకున్నారు. అలాంటి సాయం వల్ల మేం ఎక్కడ ఆగిపోతున్నామో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

సాదాబైనామా పట్టుకుని వచ్చే రైతును తీసుకోండి. మన జిల్లాల్లో ఈ కేసు లేని ఆఫీసు ఉండదు. ఎప్పుడో తెల్లకాగితం మీద రాసుకున్న కొనుగోలు, రిజిస్ట్రేషన్ లేదు, అమ్మినాయన చనిపోయాడు, ఆయన కొడుకులు విరాసత్ (వారసుల పేరున భూమి మార్పు) చేయించుకుని పట్టా తమ పేరు మీద ఎక్కించుకున్నారు, ఇప్పుడు పొలంలోకి రావద్దంటున్నారు. పుస్తకంలో మేం చదివింది మాకు గుర్తుంటుంది. వంద రూపాయలు, ఆపైన విలువున్న భూమి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పదు. ఆస్తి బదిలీ చట్టం 53-ఏ కింద స్వాధీనానికి రక్షణ కావాలన్నా 2001 సవరణ తర్వాత రాసుకున్న ఒప్పందమైతే అది రిజిస్టర్ అయి ఉండాలి. ఒప్పందం ప్రకారం అమ్మకం పూర్తిచేయమని వేసే స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ దావాకు మూడేళ్ల గడువు. ఇవన్నీ పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి. కానీ ఆ రైతు ఎదురుగా కూర్చున్నప్పుడు మొదట ఏం అడగాలో మాకు తెలియదు.

మీకు తెలుసు. కాగితం 2001కి ముందుదా, తర్వాతదా, దాని మీద సాక్షులు ఎవరైనా బతికి ఉన్నారా, పాత పహాణీల్లో (ఊరి భూమి రికార్డుల్లో) అనుభవదారు కాలమ్‌లో ఎవరి పేరు ఉంది, ఆ భూమి మీద సొసైటీ లోన్ ఎవరు తీసుకున్నారు, 2020 అక్టోబర్, నవంబర్‌లలో సర్కారు సాదాబైనామాల క్రమబద్ధీకరణకు దరఖాస్తులు తీసుకున్నప్పుడు పెట్టుకున్నారా, పెట్టుకుంటే రసీదు ఉందా. భూరికార్డుల పోర్టల్ ధరణి పోయి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చాక ఆ ఒక్క రసీదుతో కేసు దారే మారిపోవచ్చు. రైతు తన కథ మొదలుపెట్టేది వేరే చోట నుంచి, ఎవరు ఎవరిని తిట్టారు, ఎవరు గట్టు జరిపారు అక్కడి నుంచి చెప్తాడు. ఆ మాటల మధ్యలోంచి మీరు తేదీ పట్టుకుంటారు, కాగితం అడుగుతారు, తర్వాత ఇది సివిల్ కోర్టుకు పోవాలా, ఎమ్మార్వో దగ్గరికి, ఆర్డీఓ దగ్గరికి పోవాలా అని తేలుస్తారు. అరగంటలో మీరు చేసే ఆ పని మా సెమిస్టర్ మొత్తంలో ఎక్కడా లేదు. తలుపు వేసేస్తే అది మాకు ఎప్పటికీ రాదు.

ములుగు, భూపాలపల్లి పిల్లలకైతే ఇంకో చట్టం కూడా కావాలి. వాళ్ల ఊళ్లలో భూమి గొడవ అంటే 1/70. ఏజెన్సీలో గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా 1959 రెగ్యులేషన్‌ను 1970లో సవరించిన చట్టం అది. ఆ కేసులు మామూలు సివిల్ కోర్టుకు రావు. పోడు భూముల పట్టాలకు 2006 అటవీ హక్కుల చట్టం వేరే ఉంది, దాంట్లో మొదటి అడుగు గ్రామసభ. ఏటూరునాగారం పక్క ఊరి నుంచి వచ్చి హనుమకొండలో లా చదివిన పిల్లవాడు తిరిగి సొంతూరికి వెళ్లి ఈ రెండు చట్టాల కింద ఒక అర్జీ రాయలేకపోతే వాడికి మనం ఏం నేర్పినట్టు?

కోర్టులో కాగితం నడిచే దారి సంగతి కూడా అంతే. క్లాసులో సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7 రూల్ 1 బాగానే చెప్తారు, ప్లెయింట్‌లో (దావా కాగితంలో) ఏమేం ఉండాలో గడగడా చెప్పగలం. ఆ ప్లెయింట్ ఫైలింగ్ కౌంటర్‌లో ఇచ్చాక ఏమవుతుందో ఎవరూ చెప్పరు. కోర్టు ఫీజు తక్కువైందనో, షెడ్యూల్‌లో రాసిన హద్దులు దస్తావేజులో హద్దులతో కలవడం లేదనో, డాక్యుమెంట్ల లిస్టు లేదనో అబ్జెక్షన్ రాసి తిప్పి ఇస్తారు, గడువులోగా సరిచేసి మళ్లీ ఇవ్వాలి. నంబరు పడితే సమన్లకు బత్తా (అవి అందజేసే ఖర్చు) కట్టాలి. అవతలివాళ్లు 30 రోజుల్లో రిటన్ స్టేట్‌మెంట్, అంటే జవాబు, వేయాలి, కోర్టు అనుమతితో అది 90 దాకా పోతుంది. నిద్రలో లేపి అడిగినా ఇవన్నీ చెప్పేది మీ గుమాస్తా. నన్నడిగితే ప్రతి లా విద్యార్థీ మొదటి వారం మీ గుమాస్తా పక్కన గడపాలి. అదేమీ చిన్నతనం కాదు, మాకు ఎన్నో ఏళ్ల అనుభవం ఉన్న మాస్టారు దొరికినట్టే. ఆయనకు మీరు ఒక్క మాట చెప్తే చాలు, ఈ అమ్మాయికి చూపించు అని.

చెక్ బౌన్స్ కేసు ఒకటి ఇవ్వండి, అదైనా చాలు. బ్యాంకు నుంచి చెక్ తిరిగొచ్చిందని తెలిసిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే ఆ తర్వాత నెల రోజుల్లో కంప్లయింట్ వేయాలి. చెప్పుకోవడానికి మూడు తేదీలు. రిటర్న్ మెమో మీద తేదీ ఒకటి, క్లయింట్‌కు బ్యాంకు చెప్పిన తేదీ ఇంకోటి, నోటీసు కవరు డోర్ లాక్ అని వెనక్కి వచ్చింది, ఇప్పుడు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి? ఈ ప్రశ్న అసలు కాగితాలు చేతిలో పట్టుకుని, క్యాలెండర్ ముందు పెట్టుకుని కూర్చుంటేనే అర్థమవుతుంది.

ఈ మధ్య ఒక తీర్పు చదువుతుంటే నాకు చాలా ఆశ్చర్యం వేసింది. 2008లో సుప్రీం కోర్టు ఇచ్చిన అనాతుల సుధాకర్ వర్సెస్ పి. బుచ్చిరెడ్డి. హక్కు మీద గట్టి వివాదం ఉన్నప్పుడు ఉత్త ఇంజంక్షన్ (అడ్డురావద్దనే ఉత్తర్వు) దావా సరిపోదు, డిక్లరేషన్ (హక్కు నాదేననే ప్రకటన) కూడా అడగాలి అని చెప్పే ఈ తీర్పును దేశంలో ఏ మూల సివిల్ కోర్టులోనైనా చూపిస్తారు. ఆ కేసు పుట్టింది మన వరంగల్‌లో, చిన్న ఇంటి స్థలాల మీద. దేశమంతా చదివే తీర్పు మన కోర్టులో వేసిన దావా నుంచి పోయింది. మేమేమో హెడ్‌నోట్ (తీర్పు సారాంశం) బట్టీ పట్టి రాస్తున్నాం, ఒక ఇంజంక్షన్ పిటిషన్‌కు అఫిడవిట్ ఎలా మొదలవుతుందో చూడకుండానే డిగ్రీ పట్టుకుని బయటికి వస్తున్నాం.

ఇక ఫైలు ఒక్కటే ఎందుకు, అదీ ఎక్కువ కాలం ఎందుకు అంటే, నాలుగు వారాల్లో విచారణ అనేది కనిపించదు కాబట్టి. సివిల్ కేసులో చీఫ్ (సాక్షి తన వైపు చెప్పేది) ఇప్పుడు అఫిడవిట్ రూపంలోనే వస్తుంది, నోటితో చెప్పేది దాదాపు ఉండదు. అసలు చూడాల్సింది క్రాస్, అంటే అవతలి వకీలు సాక్షిని ప్రశ్నించడం. ఆ క్రాస్ ఈ రోజు ఉంటుందని వెళ్తే సాక్షి రాడు, వస్తే అవతలి వకీలు టైమ్ అడుగుతారు, అన్నీ కుదిరితే కోర్టుకు వేరే కేసు ఉంటుంది. ఒక ఇంటర్న్ నెల రోజులు కూర్చుంటే వాయిదాలే చూస్తాడు. అదే ఒక కేసు నంబరు చేతిలో ఉంటే, ఈ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్‌ఆర్ నంబర్ కొట్టి పేషీ తేదీ మేమే చూసుకుంటాం, ఆ రోజు మాత్రం వస్తాం. మొత్తం మీద ఎక్కే మెట్లు తక్కువే అయినా ఒక్క కేసు ఇష్యూస్ నుంచి ఆర్గ్యుమెంట్స్ దాకా చూసిన విద్యార్థికి, ఏ కాగితం ఎందుకు వేశారో, ఏ సాక్షిని ఎందుకు పిలవలేదో తెలుస్తుంది. సెలవుల్లో వచ్చి పోయేవాళ్లకు ఇది తెలిసే అవకాశమే లేదు.

సెలవులంటే ఇంకో సంగతి. మాకు ఇంటర్న్‌షిప్‌కు వీలయ్యేది ఎక్కువగా వేసవిలో. అప్పుడే సివిల్ కోర్టులకూ వేసవి సెలవులు. అత్యవసర పిటిషన్లకు వెకేషన్ కోర్టు ఉంటుంది, మేజిస్ట్రేట్ కోర్టులు నడుస్తాయి, కానీ సివిల్ విచారణ చూడాలనుకున్న వాడికి మే నెల ఖాళీ. అందుకే మా కాలేజీలు కూడా కొంచెం ముందుకు రావాలి. సెమిస్టర్ నడుస్తుండగా వారంలో ఒక పూట కోర్టుకు వదిలితే, అది కూడా హాజరుగానే లెక్కిస్తే, రూల్స్‌ను ఏమీ దాటకుండానే ఈ పని అవుతుంది. రెండు కేసుల విచారణ కోర్సు చివరి రెండు మూడేళ్లలో చూడాలని రూల్ చెప్తుంది. సెలవుల్లోనే చూడాలని ఎక్కడా లేదు. ప్రిన్సిపాల్ సార్లతో ఈ మాట మేం చెప్తే వినడం వేరు, బార్ నుంచి మీరు చెప్తే వినడం వేరు.

క్లయింట్ రహస్యాలు విద్యార్థుల ముందు ఎలా మాట్లాడతారు అని మీలో కొందరు అడగొచ్చు. న్యాయమైన భయమే. పాత సాక్ష్య చట్టంలో 126, 127 సెక్షన్ల కింద ఉన్నది ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 132వ సెక్షన్‌లోకి వచ్చింది. క్లయింట్ చెప్పింది బయటపెట్టకూడదనే కట్టుబాటు వకీలుకే కాదు, ఆయన గుమాస్తాలకు, ఉద్యోగులకు కూడా వర్తిస్తుందని అందులో ఉంది. ఇంటర్న్ దాని కిందికి వస్తాడా రాడా అనే చర్చ పెట్టుకునే బదులు, చేరిన రోజే మా చేత ఒక హామీపత్రం రాయించుకోండి, కాలేజీ చేత ముద్ర వేయించండి. విన్న మాట బయట చెప్తే ఆ రోజే పంపించేయండి, కాలేజీకి కూడా రాయండి. క్లయింట్‌ను కూడా ఒక మాట అడగండి, ఈ అమ్మాయి లా చదువుతోంది, కూర్చోవచ్చా అని. మన ఊరి వాళ్లు వద్దంటారని నేను అనుకోను, కూర్చో బిడ్డా అనేవాళ్లే ఎక్కువ. వద్దంటే లేచి వెళ్తాం. కుటుంబ కేసులు, పోక్సో కేసులు, అత్యాచారం కేసుల్లో కోర్టు తలుపు మూసే విచారిస్తుంది, అక్కడికి మేం రాకూడదు, రాము.

మేం ఏం చేయలేమో కూడా మాకు తెలుసు. బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ కాకుండా వకాలత్ మీద సంతకం పెట్టలేం, కోర్టులో నిలబడి వాదించలేం. మీ పక్కన కూర్చుని రాసుకోవడం, మీరు చెప్పింది డ్రాఫ్ట్ చేసి ఎర్రపెన్నుతో దిద్దించుకోవడం, తీర్పులు వెతికి పెట్టడం, తేదీల పట్టిక తయారుచేయడం వరకే మా పని. ఇందులో మీకు కూడా కొంత ఉపయోగం ఉంటుందని నమ్మకంగా చెప్పగలను. 2024 జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు ఐపీసీ, తర్వాతవాటికి భారతీయ న్యాయ సంహిత, ఒకే ఉదయం ఒకే కోర్టు హాల్లో రెండూ నడుస్తున్నాయి. మోసానికి 420 ఇప్పుడు 318(4), భార్యను వేధించినందుకు 498-ఏ ఇప్పుడు 85. సీఆర్‌పీసీ బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 41-ఏ నోటీసు (పోలీసుల ముందుకు రమ్మనేది) ఇప్పుడు 35(3). 482 అంటే ఇన్నేళ్లూ హైకోర్టులో క్వాష్ పిటిషన్ (కేసు కొట్టేయమనేది), నాగరిక్ సురక్షా సంహితలో 482 అంటే ముందస్తు బెయిల్, క్వాష్ 528కి పోయింది. మీరు దశాబ్దాలుగా నోటికి అలవాటైన నంబర్లు మార్చుకోవాల్సి వస్తోంది, మేం మొదటి నుంచీ కొత్తవే చదివాం. ఫోన్ రికార్డింగ్, వాట్సాప్ మెసేజ్ సాక్ష్యంగా పెట్టాలంటే సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, దాని నమూనా చట్టంలోనే ఉంది, దాన్ని నింపి పెట్టే పని మాకు ఇవ్వండి. ఈ-ఫైలింగ్‌లో స్కానింగ్, బుక్‌మార్కులు పెట్టడం లాంటివి మాకు చెప్పి చూడండి.

అమ్మాయిల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మాలో చాలామంది ఇంటర్న్‌షిప్‌ను సంతకంతో సరిపెట్టుకోవడానికి ఇదే కారణం. ఆఫీసులు ఊపందుకునేది సాయంత్రం ఆరు తర్వాత. క్లయింట్లు అప్పుడే వస్తారు, రేపటి ఫైళ్లు అప్పుడే తీస్తారు. హాస్టల్ గేటు ఎనిమిదికో తొమ్మిదికో పడుతుంది. ఇంట్లో వాళ్లకు ఫోన్‌లో ఎక్కడున్నావంటే వకీలు ఆఫీసులో అని చెప్తే కంగారుపడతారు, వాళ్లను తప్పుపట్టలేం. అమ్మాయిలకు సాయంత్రం ఐదు నుంచి ఏడు వరకు అని ఒక టైమ్ పెట్టండి, ఆఫీసులో ఇంకో మహిళ, జూనియర్ మేడమ్ గానీ స్టాఫ్ గానీ ఉండేలా చూడండి. పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ట్రైనీలకు, అప్రెంటిస్‌లకు కూడా వర్తిస్తుంది, ఫిర్యాదు ఎక్కడ చేయాలో ముందే చెప్తే దాని వల్ల ఎవరికీ నష్టం లేదు, మాకు భయం తగ్గుతుంది. మహిళా సీనియర్లకు నా విన్నపం ఇంకొంచెం గట్టిగా ఉంటుంది మేడమ్, మీరు ఒక్కొక్కరు ఒక్క అమ్మాయిని తీసుకుంటే చాలు.

ఎన్‌రోల్ అయ్యాక నేర్చుకుంటారులే అనే మాట కూడా వింటుంటాం. 1995లో బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్‌కు ముందు ఏడాది శిక్షణ ఉండాలని రూల్ పెట్టింది, ఆ అధికారం చట్టంలో లేదని 1999లో వి. సుధీర్ కేసులో సుప్రీం కోర్టు దాన్ని కొట్టేసింది. అప్పటి నుంచి ఎన్‌రోల్ కాకముందు పని నేర్పే చోటు ఈ ఇంటర్న్‌షిప్ ఒక్కటే మిగిలింది. తర్వాత వచ్చిన బార్ ఎగ్జామ్‌లో 100 ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, అందులో ఒక్క డ్రాఫ్ట్ రాయాల్సిన పని లేదు. ఇక 2025 మే 20న సుప్రీం కోర్టు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని చెప్పింది. ఆ ప్రాక్టీసు చేశారని ఆ కోర్టు ప్రధాన న్యాయాధికారి గానీ, ఆయన ఆమోదంతో పదేళ్ల అనుభవం ఉన్న న్యాయవాది గానీ రాసివ్వాలి. ఇన్నాళ్లూ కాలేజీ నుంచి నేరుగా కోచింగ్‌కు వెళ్లినవాళ్లు ఇప్పుడు మీ ఆఫీసులకు వస్తారు. వాళ్లకు కూడా పరీక్షలప్పుడు రా అనే మాటే ఎదురైతే ఆ మూడేళ్ల నిబంధన ఉండీ ఏం లాభం?

డబ్బు గురించి నేను ఇంటర్న్‌ల తరఫున ఏమీ అడగడం లేదు, నాలుగు వారాల విద్యార్థికి జీతం ఇవ్వాలని నాకు అనిపించదు. కానీ జూనియర్ల సంగతి వేరు. బార్ కౌన్సిల్ 2024 అక్టోబర్‌లో పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇస్తే బాగుంటుందని సూచించింది. అంత ఇవ్వగలిగే ప్రాక్టీసు అందరికీ ఉండదని తెలుసు. బస్సు చార్జీలు, రూమ్ కిరాయి వచ్చేంతైనా ఇవ్వండి. లేకపోతే ఈ వృత్తిలో ఇంటి దగ్గర ఆధారం ఉన్నవాళ్లే నిలబడతారు.

న్యాయ సేవాధికార సంస్థ పెద్దలకు కూడా రెండు మాటలు. 1987 చట్టం కింద మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉందని ప్రతి లీగల్ క్యాంపులో చెప్తారు. మేం కూడా కాలేజీ తరఫున బ్యానర్ పట్టుకుని వస్తాం, ఫొటో దిగుతాం. ఆ రోజు ఎవరో ఒక ముసలమ్మ వచ్చి తన పింఛన్ ఆగిందనో, కొడుకు చూడటం లేదనో చెప్పుకుంటుంది. పేరు రాసుకుంటాం. ఆ తర్వాత ఆమె అర్జీ ఎక్కడిదాకా పోయిందో కనుక్కునే పని ఎవరికీ అప్పగించరు. అది మాకు అప్పగించండి. లా విద్యార్థులు ఎన్‌రోల్ అయ్యేదాకా పారా లీగల్ వాలంటీర్లుగా పనిచేయొచ్చని స్కీమ్‌లోనే ఉంది. ఒక్కో విద్యార్థికి ఒక ఊరు, ఆ ఊరి నుంచి వచ్చిన అర్జీలు, నెలకోసారి వాటి స్థితి రాసి మీకు ఇవ్వడం.

జైలు విషయం కూడా ఉంది. 2021లో వరంగల్ సెంట్రల్ జైలు ఖాళీ చేసి ఖైదీలను వేరే ఊళ్లకు పంపాక, మన దగ్గరి కుటుంబాలకు వాళ్లను కలవడమే దూరమైంది. ఉరి, యావజ్జీవం పడే నేరం కాకుండా అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడకుండా, గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపిన విచారణ ఖైదీలను, వేరే కేసులేవీ పెండింగ్‌లో లేకపోతే, బాండు మీద వదలాలని నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ చెప్తుంది. ఎవరు ఎన్ని రోజులు లోపల ఉన్నారో లెక్క కట్టి పట్టిక తయారుచేయడానికి వాదించే లైసెన్సు అక్కర్లేదు. పేద నిందితుల తరఫున ఉచితంగా వాదించే డిఫెన్స్ కౌన్సిల్ ఆఫీసుల్లో ఈ పనికి మమ్మల్ని కూర్చోబెట్టండి.

నేను అడిగేవన్నీ కొత్తగా ఎవరో చట్టం చేయాల్సినవి కాదు. అదే 2008 రూల్స్‌లో, కనీసం పదేళ్ల అనుభవం ఉండి విద్యార్థులను తీసుకోవడానికి ఇష్టపడే సీనియర్ల జాబితాను జిల్లాలవారీగా తయారుచేయాలని, కాలేజీలకు అందుబాటులో ఉంచాలని రాసి ఉంది. ఆ పని రాష్ట్ర స్థాయిలో ఎప్పుడు ఎలా జరిగినా, మన వరకు మనం మొదలుపెట్టుకోవచ్చు. బార్ అసోసియేషన్ హాల్లో ఒక కాగితం అంటించండి. ఇష్టమున్న సీనియర్లు పేరు, ఎక్కువగా చూసే కేసులు, సివిలా, క్రిమినలా, మోటారు ప్రమాదాలా, కుటుంబ కేసులా, ఎంతమందిని తీసుకోగలరు, ఏ టైమ్‌లో రావాలి, ఇంతే రాయండి. దాన్ని కాలేజీ నోటీసు బోర్డు మీద పెట్టిస్తాం. 2022 జూన్ 2 నుంచి జనగామ, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్‌లకు సొంత జిల్లా కోర్టులు వచ్చాయి, అక్కడి బార్‌లు కూడా ఇలాంటి కాగితం ఒకటి పెడితే ఆ ఊళ్ల పిల్లలు హనుమకొండకు బస్సెక్కకుండా ఇంటి నుంచే వెళ్లి నేర్చుకుంటారు.

నా తోటి విద్యార్థులకు కూడా ఈ సందర్భంలోనే చెప్తున్నాను. ఫైలు అడిగాక పేషీ రోజున రాకపోతే, సార్ దిద్దిన డ్రాఫ్ట్ మళ్లీ రాసి తీసుకురాకపోతే, మన తర్వాత వచ్చేవాళ్లకు ఆ ఆఫీసు తలుపు మూసుకుంటుంది. ఫోన్‌లో కాగితాల ఫొటోలు తీయొద్దు. గుమాస్తా గారితో మర్యాదగా ఉండండి.

వేసవి సెలవులయ్యాక జూన్‌లో కోర్టులు తెరిచిన మొదటి వారంలో మా క్లాసు నుంచి కొందరం బార్ అసోసియేషన్ ఆఫీసుకు వస్తాం. మా పేర్లు, మాకు ఖాళీ ఉండే పూటలు, ఎవరికి ఏ పని నేర్చుకోవాలని ఉందో రాసిన కాగితం తెస్తాం. మధ్యాహ్నం లంచ్ టైమ్‌లో పది నిమిషాలు ఇస్తే చాలు. మీ వైపు నుంచి ఆ రోజుకు అయిదుగురు సీనియర్ల పేర్లు ఉన్నా అయిదు ఫైళ్లతో మొదలుపెడదాం, మిగతా ఆఫీసులు అది చూసి నిర్ణయించుకుంటాయి.

ఇట్లు,
మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ విద్యార్థిని,
హనుమకొండ